బావగారి కంప్యూటర్లో ఆగిపోయిన బొమ్మ

పెదవులు చూసి మాట చెప్పగలిగిన మనిషి ఆక్లండ్ మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. అది నేనే. గోదావరి జిల్లాలో ఒక సినిమా హాల్లో పదిహేనేళ్ళు ప్రొజెక్టర్ నడిపిన చేతులు ఇవి. ప్రొజెక్టర్ గదిలో మిషను మోతకి హాల్లో డైలాగు ఒక్క ముక్క వినపడదు. గోడకున్న చిన్న కిటికీలోంచి తెర మీద బొమ్మను చూస్తూ, పెదవుల కదలికను బట్టి ఎవరు ఏమంటున్నారో చెప్పేసేవాణ్ణి. రీలు తెగితే కళ్ళు మూసుకుని అతికించేవాణ్ణి. నేను సెలవు పెట్టిన రోజు ఫస్ట్ షోకి జనం తగ్గేవారని యజమాని స్వయంగా ఒప్పుకున్నాడు.

హెండర్సన్‌లో మా వీధి చివరి పార్కులో పొద్దున్నే నడకకు వచ్చే తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాను. విన్నవాళ్ళు నవ్వి ముందుకు నడిచేవారు. ఒక్క మనిషి మాత్రం నమ్మింది. దానివల్లే ఇదంతా జరిగింది.

ఆమె మా వీధిలోనే ఉండేది. వాళ్ళది వరంగల్ వైపు. భార్యాభర్తలు ఇరవై ఏళ్ళకు పైగా మూలమీద డైరీ నడిపారు. పాలు, బ్రెడ్డు, పేపరు, చాక్లెట్లు అమ్మే చిన్న కొట్టును ఇక్కడ డైరీ అంటారు. నేనూ మా ఆవిడా మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఇక్కడ సెటిల్ అయిన కొత్తలో, ఆ కొట్టు ముందు నుంచి పోతుంటే లోపల తెలుగులో ఎవరో ఎవరినో విసుక్కోవడం వినపడింది. ప్రాణం లేచొచ్చి లోపలికి వెళ్ళాం. విసుక్కుంటున్నది ఆమె, పడుతున్నది ఆయన. ఆమె నన్ను 'అన్నా' అంది, నేను ఆమెను 'చెల్లెమ్మా' అన్నాను. ఆ వరసలో ఆయన నాకు బావగారయ్యారు.

బావగారు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. కొట్టు అమ్మేశారు. చెల్లెమ్మను హాబ్సన్‌విల్‌లో తన ఇంటికి తీసుకుపోవడానికి వాళ్ళ అమ్మాయి శనివారం వస్తానంది. ఐటీలో పనిచేసే పిల్ల, అన్నీ ఒక పద్ధతి ప్రకారం చేస్తుంది. ఏ సామాను వస్తుందో, ఏది రాదో జాబితా రాసి పంపింది. బావగారి పాత కంప్యూటర్ రాని వాటిలో ఉంది. దాన్ని అదే రోజు రీసైక్లింగ్‌కు ఇచ్చేస్తారు.

ఆ వారం మంగళవారం మధ్యాహ్నం చెల్లెమ్మ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడొచ్చినా చేతిలో గిన్నె, గిన్నెలో సర్వపిండి ఉండేవి. ఆ రోజు చేతిలో కుంకుమ భరిణె ఉంది. మూత తీస్తే లోపల, కుంకుమ అంటుకుని, ఒక పెన్ డ్రైవ్.

"సామాను సర్దుతుంటే దేవుని అర్రల దొరికిందన్నా. మా షష్టిపూర్తి వీడియో. అసలుది."

"ఫోన్లో చూశాం కదమ్మా."

"ఫోన్ల వచ్చింది చిన్నగ చేసి, పక్కలు కోసి పంపిన్రు. మొఖాలు అలుక్కపోయినట్టు ఉంటయ్. ఇండ్ల వెంట్రుక గూడ కనవడ్తదని వీడియో తీసినాయన చెప్పిండు." ఆమె భరిణె మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "ఒక్కకాడ ఆయన పక్కకు మళ్ళి ఎవలితోనో ఏదో అంటడు. అదేందో నాకు కావాలె."

ఆ ఒక్కచోటు సంగతి మాకు తెలుసు. బావగారు పోవడానికి కొన్ని వారాల ముందు, షష్టిపూర్తి మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక హాలు తీసుకుని చేశారు. పొగ లేస్తే అలారం మోగుతుందని హోమం వరకు కార్ పార్కింగ్‌లో పెట్టుకుని, మిగతా తంతంతా లోపల పీటల మీద. చెల్లెమ్మకు మోకాళ్ళ నొప్పులు. తను కుర్చీలో కూచుంటానని ఆ పొద్దున్నే ఆమె అంది. బావగారు ససేమిరా అన్నారు. పీటల మీద చేసే తంతుకు కుర్చీ వేసుకుంటే చూసేవాళ్ళు నవ్వుతారని ఆయన బాధ. "నా మోకాళ్ళ కంటె నీకు ఆళ్ళ నవ్వే ఎక్కువాయె" అని ఆమె అంది. ఆ తర్వాత తంతు మొత్తం ఇద్దరూ మాట్లాడుకోలేదు. కొంగులు ముడేసి ఉన్నాయి గాని చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. ఫోన్‌లో వచ్చిన వీడియోలో ఒకచోట బావగారు పక్కకు తిరిగి, భార్య వైపు చెయ్యి చూపించి, ఏదో అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. ఏమన్నారో వినపడదు. పురోహితుడి మైకు పక్కనే స్పీకర్లో ఎవరో మంగళవాద్యం పెట్టి వదిలేశారు.

"తిట్టి ఉంటడన్నా" అంది చెల్లెమ్మ. "నలుగురి ముంగట నా ముచ్చట చెప్పి నవ్వించి ఉంటడు. తిడితే తిట్టిండు, నాకేం కొత్త కాదు. గని తెల్వాలె గద. అడుగుదామనుకుంట అడుగుదామనుకుంటనే ఆయన పాయె."

"మీ అమ్మాయికి చెప్తే చిటికెలో ఆడించి పెడుతుంది కదా వదినా" అంది మా ఆవిడ.

"బిడ్డ ముంగట వద్దు వదినె. నాయిన అమ్మను తిట్టింది అది ఎందుకు సూడాలె." తర్వాత నావైపు తిరిగింది. "అన్న ఉన్నడు గద. ప్రొజెక్టర్ నడిపిండు. పెదాలు సూసి చెప్తడు."

మా ఆవిడ నావైపు ఒక చూపు చూసి, స్టవ్ మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఆ సినిమా హాల్లో ఉన్నది పదిహేనేళ్ళు కాదు, ఒక్క వేసవి. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతుంటే మా నాన్న తెలిసిన వాళ్ళకు చెప్పి సైకిల్ స్టాండులో పెట్టించాడు. సీటు మీద సుద్దముక్కతో నంబరు వేసి టోకెను ఇవ్వడం నా పని. ప్రొజెక్టర్ గదిలోకి మొత్తం నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ ఆపరేటరుకు భోజనం క్యారియర్ అందించడానికి. ఆయన నన్ను ఒక్కసారి కూడా కిటికీ దగ్గరకు రానివ్వలేదు. మిగతా జీవితం పశువుల ఆస్పత్రి ఆఫీసులో గుమాస్తాగా గడిచిపోయింది.

ఆ సంగతి చెల్లెమ్మకు అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఎందుకంటే నేను ఆమె ఇంట్లో ఇంకో గొప్ప మీద కూడా బతుకుతున్నాను. ఆ తంతు మధ్యలో ఆమె వెనక ఒక కుర్చీ వచ్చి పడింది. తెచ్చింది నేను. "చెల్లెమ్మ ముఖం చూసి కనిపెట్టాను. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తెచ్చాను" అని అప్పటినుంచి కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఆమె లేచి కుర్చీలో కూర్చుంది. బావగారు అడ్డు చెప్పలేదు. సర్వపిండి రావడం ఆ వారమే మొదలైంది. "కట్టుకున్నోడు సూడలే, అన్న సూసిండు" అంటూ పెట్టేది. అన్నగా పుట్టకపోయినా అన్న అనిపించుకున్న మనిషి, పెన్ డ్రైవ్ ఆడించలేనని ఏ ముఖం పెట్టుకుని చెప్తాడు?

మంగళవారం సాయంత్రానికి ముందే ముగ్గురం వాళ్ళ ఇంటికి వెళ్ళాం. ఇల్లంతా అట్టపెట్టెలు. బావగారి కంప్యూటర్ ముందు గదిలో బల్ల మీద ఉంది. పడుకోబెట్టే రకం పెట్టె, పైన తేనెపట్టులా కన్నాలు, దాని పక్కన పెద్ద తెర. పెట్టె ముందు వైపు పాత కుంకుమ బొట్టు, గంధం ఎండి చారలు కట్టి ఉన్నాయి.

పెన్ డ్రైవ్ పెట్టి ఫైలు మీద నొక్కాను. మంగళవాద్యం హోరెత్తింది. తెర మాత్రం నల్లగా ఉంది.

"ల్యాంపు పోయింది" అన్నాను గంభీరంగా.

"టీవీకి ల్యాంపు ఉంటదా అన్నా?"

"ఉండదమ్మా. మాటవరసకి అన్నాను."

ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. శబ్దం వచ్చి బొమ్మ రాకపోవడం అనే జబ్బు ప్రపంచంలో చాలామందికి ఉందని తెలిసి ధైర్యం వచ్చింది. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. హై డెఫినిషన్ బొమ్మలో చుక్కలు ఎక్కువ. అన్ని చుక్కల్నీ ఉన్నవి ఉన్నట్టు దాస్తే ఫైలు ఎక్కడా పట్టదు. అందుకని పట్టుచీర మడిచినట్టు గట్టిగా మడిచి దాస్తారు. ఆడించేటప్పుడు కంప్యూటర్ ఆ మడతల్ని ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవాలి. విప్పే విద్యను కోడెక్ అంటారు. బావగారి కంప్యూటర్ పాతది. ఈ కొత్త మడత విప్పడం దానికి ఎవరూ నేర్పలేదు. వీడియోలు ఆడించే ఇంకో సాఫ్ట్‌వేర్ దింపుకుంటే ఆ విద్య అందులోనే ఉంటుందని ఎవరో పుణ్యాత్ముడు రాశాడు. దింపాను. నొక్కాను.

బొమ్మ వచ్చింది. చెల్లెమ్మ కుర్చీ అంచుకు జరిగింది. మౌంట్ ఆల్బర్ట్ హాలు, కలశం మీద కొబ్బరికాయ పీచు, పురోహితుడి చేతి గడియారంలో ముల్లు, అన్నీ కనపడ్డాయి. వెంట్రుక కనపడుతుందన్నది అబద్ధం కాదు.

"జరిపి అక్కడ పెట్టేస్తాను ఉండమ్మా" అన్నాను.

"విఘ్నేశ్వర పూజ నడుస్తుంటె జరుపుడేందన్నా? మొదటికెల్లి రానియ్యి."

వీడియోలో అయినా సరే, వినాయకుణ్ణి దాటి పోవడానికి ఆమె ఒప్పుకోలేదు. మా ఆవిడ కూడా చెంపలు వేసుకుని ఆమె పక్షమే చేరింది. సరే అని చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు హాయిగా నడిచింది. తర్వాత బొమ్మ కుంటడం మొదలుపెట్టింది. పురోహితుడి చెయ్యి పైకి లేచి అక్కడే ఆగేది, మంత్రం మాత్రం వెళ్ళిపోయేది. కాసేపటికి చెయ్యి ఒక్కసారిగా కిందికి దూకేది. ఇరవై నిమిషాల దగ్గర, బావగారు పక్కకు తిరగబోయే ముందు, ఆయన ముఖం ఆకుపచ్చ గళ్ళుగా విడిపోయి, నోరు సగం తెరుచుకుని, ఆగిపోయింది.

అందరం ఆ సగం తెరిచిన నోటిని చూస్తూ ఉండిపోయాం.

నాకు జాలేసింది. జాలి వేసినప్పుడు నాకు అబద్ధం తేలిగ్గా వస్తుంది. తెర దగ్గరికి వంగి, కళ్ళద్దాలు సవరించుకుని, "తెలిసిందమ్మా" అన్నాను. "'మా ఆవిడ బంగారం' అంటున్నారు. ఇదిగో, పెదవి విడిపోయింది చూడు, అది 'బం'."

చెల్లెమ్మ నవ్వలేదు, ఏడవలేదు. "ఆయన నన్ను ముప్పై ఐదేండ్లల ఎన్నడు బంగారం అనలే అన్నా. నువ్వు మంచోడివి. గని నాకు మంచి మాట వద్దు, ఆయన మాట కావాలె."

ఇంటికి నడిచి వస్తుంటే మా ఆవిడ అంది. "'బం' అనాలంటే పెదవులు మూసుకోవాలండీ. ఆ నోరు తెరుచుకుని ఉంది."

బుధవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. పెన్ డ్రైవ్ నుంచి నేరుగా ఆడిస్తే అందులోంచి డేటా నెమ్మదిగా వస్తుందని, ముందు ఫైలును కంప్యూటర్లోకి కాపీ చేసుకోవాలని చదివాను. చేశాను. తేడా లేదు. వెనకాల నడిచే ప్రోగ్రాములు ఆపమని ఇంకోచోట చదివాను. చూస్తే ఒకటి నడుస్తోంది. కిటికీ తెరిస్తే నాలుగు నల్ల గళ్ళు, ప్రతి గడిలో 'కెమెరా దొరకలేదు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. డైరీలో పెట్టిన కెమెరాల్ని బావగారు ఇంట్లో కూర్చుని చూసుకునే ప్రోగ్రాం అది. కొట్టు చేతులు మారింది, కెమెరాలు ఊడదీశారు, ఇది మాత్రం అప్పటినుంచీ వాటి కోసం వెతుకుతూనే ఉంది.

"ఆపమంటావా చెల్లెమ్మా?"

ఆమె ఆ నల్ల గళ్ళను కాసేపు చూసింది. "నేను గల్లాకాడ కునుకు తీస్తే ఫోన్ చేసి లేపెటోడు. గిందులకెల్లి సూసే." మౌస్ నావైపు జరిపి, "బంద్ చెయ్యన్నా. గా కొట్టు మనది కాదిగ" అంది.

ఆపాను. బొమ్మ ఇంకో మూడు నిమిషాలు ఎక్కువసేపు కుంటకుండా నడిచి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. గురువారం సెట్టింగుల్లో ఏవేవో మార్చాను. ఏం మార్చానో చెప్పమంటే చెప్పలేను. ఒకసారి బొమ్మ తలకిందులైంది. విఘ్నేశ్వర పూజ అప్పటికి తొమ్మిదిసార్లు చూశాం. పురోహితుడు ఏ మంత్రం దగ్గర దగ్గుతాడో నాకు తెలిసిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ కూడా వచ్చింది. మర్నాడే శనివారం. అట్టపెట్టెలన్నీ టేపు వేసి ఉన్నాయి. కాఫీ గ్లాసులు పెట్టుకోవడానికి జాగా లేక మా ఆవిడ తన స్టీలు గ్లాసును కంప్యూటర్ పెట్టె మీద పెట్టింది. వినాయకుడి దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. బొమ్మ కుంటింది, ఆగింది. ఇక చేసేదేమీ లేదని నాకు అర్థమైంది. చెల్లెమ్మతో నిజం చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను. సైకిల్ స్టాండు దగ్గర మొదలుపెట్టాలని కూడా అనుకున్నాను.

అప్పుడు మా ఆవిడ గ్లాసు ఎత్తి, చేతిలోంచి జారవిడవబోయి, కొంగుతో పట్టుకుంది.

"అరగంట క్రితం పోసిన కాఫీ అండీ ఇది. ఇంకా చెయ్యి కాలుతోంది. ఇది కంప్యూటరా, కుంపటా?"

ఈ కిటుకు నేనే కనిపెట్టానని పార్కులో ఇప్పటికి ఇద్దరికి చెప్పాను. అది కూడా ఇక్కడితో రద్దు. కనిపెట్టింది మా ఆవిడ, ఆవిడ కాఫీ.

ఆ తర్వాత చదివితే అంతా విడిపోయింది. ఈ మడతలు విప్పే పని బరువైనది. ఆ పనికి ప్రాసెసర్ వేడెక్కుతుంది. చల్లబరచడానికి లోపల చిన్న ఫ్యాన్ ఉంటుంది. అది తిరగకపోతే ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మోకాళ్ళు నొప్పెడుతుంటే మెట్ల మీద ఆగి ఆగి ఎక్కినట్టు. ఈమెయిలు చూసుకున్నంతసేపు ఎవరికీ తెలియదు. షష్టిపూర్తి మొత్తం మొయ్యమంటే తెలుస్తుంది.

కంప్యూటర్ ఆపి, వైర్లు పీకి, చల్లారేదాకా ఆగి, బావగారి స్క్రూడ్రైవర్‌తోనే పై మూత విప్పాం. లోపల మధ్యలో అరచెయ్యంత ఫ్యాన్. వేలితో తిప్పితే తిరగలేదు. ఫోన్ లైటు వేసి చూశాను. రెక్కలకూ అంచుకూ మధ్య పసుపు పచ్చగా ఏవో ఇరుక్కుని ఉన్నాయి. చిన్న పట్టకారుతో ఒకటి లాగి అరచేతిలో వేసుకున్నాను. బియ్యపు గింజ.

"అక్షింతలు" అంది మా ఆవిడ.

చెల్లెమ్మ వచ్చి నా చేతిలో చూసింది. "దసరవి" అంది. గింజను వేలితో తిప్పి చూసి మళ్ళీ అంది, "పోయిన దసర కాదు. అంతకు ముందుది. ఆయన చేసింది."

దసరాకు బావగారు ఆయుధ పూజ ఘనంగా చేసేవారు. కొట్లో గల్లాపెట్టె, సామాను తెచ్చే వ్యాను, బ్రెడ్డు కోసే కత్తి, అన్నిటికీ బొట్లు. చివర్న ఈ కంప్యూటర్. ఇది కూడా అన్నం పెడుతోందని దీనికి మాత్రం రెండు గుప్పెళ్ళు వేసేవారట. పైన కన్నాలున్నాయని ఆయనకు తట్టలేదు. ఆయన ఒక్కరికే కాదు, మా అందరిలో ఎవరికీ తట్టి ఉండదు. మా అమ్మాయి లాప్‌టాప్ మీద నేనూ వేశాను.

గింజలన్నీ ఒక్కొక్కటే తీశాం. చెల్లెమ్మ వాటిని కింద పడనివ్వలేదు. కుంకుమ భరిణెలో, పెన్ డ్రైవ్ ఉన్నచోట, వేసుకుంది. కొన్ని విరిగిపోయాయి, కొన్నింటికి పసుపు పోయి నల్లగా దుమ్ము పట్టింది. అవి కూడా వేసుకుంది. వేలితో తోస్తే ఫ్యాన్ ఈసారి గిర్రున తిరిగింది.

మూత బిగించి, వైర్లు తగిలించి, కంప్యూటర్ ఆన్ చేసి, వినాయకుడి దగ్గర నుంచి మొదలుపెట్టాం. పది నిమిషాలు దాటింది. పదిహేను దాటింది. పెట్టెలోంచి ఫ్యాన్ గాలి బుస్సుమని వస్తోంది. పురోహితుడు దగ్గవలసిన చోట దగ్గాడు. ఇరవై నిమిషాల దగ్గర చెల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావగారు పక్కకు తిరిగారు.

ఫోన్లో పక్కలు కోసేశారు కాబట్టి ఆయన ఎవరితో మాట్లాడుతున్నారో ఎప్పుడూ కనపడలేదు. ఈ వీడియోలో హాలు మొత్తం ఉంది. కుడివైపు చివర, స్తంభం పక్కన, నేను ఉన్నాను. చేతులు కట్టుకుని, తంతు వైపే శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను. బావగారు నావైపు తిరిగి, భార్యను చేత్తో చూపించి, తన మోకాలి మీద రెండుసార్లు తట్టుకుని, ఒక మాట అన్నారు. పెదవులు ముందు సున్నాలా ముడుచుకున్నాయి, తర్వాత వెడల్పుగా సాగాయి.

చదవడానికి నా అవసరం రాలేదు.

"కుర్సీ" అంది చెల్లెమ్మ.

నేను వెనక్కి జరిపాను. మళ్ళీ ఆడింది. మళ్ళీ చూశాం. కుర్సీ. ఆమెకు కుర్సీ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. భార్యకు కుర్చీ అడిగినందుకు ఆయన్నే చూసి నవ్వారు. ఆయన వాళ్ళ వైపు చూడలేదు. తెర మీద నేను కదిలి, బొమ్మలోంచి బయటికి వెళ్ళి, కుర్చీతో తిరిగి వచ్చాను. ఆయన తృప్తిగా తల ముందుకు తిప్పుకుని, మళ్ళీ కోపం ముఖం పెట్టుకున్నారు.

చెల్లెమ్మ రెండు అరచేతులూ తన మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంది. "ఆయననే అడిగిండు" అంది. మళ్ళీ, ఎవరితోనూ కాకుండా, "నాకు చెప్పొద్దా మరి" అంది. కొంగు తీసి కళ్ళు తుడుచుకుంటూ కూడా తెర మీంచి చూపు తిప్పలేదు.

తర్వాత తిప్పింది. నావైపు.

నేను తల వంచుకున్నాను. నన్ను నమ్మండి, నేను కావాలని దాచలేదు. ఎవరూ చెప్పకుండానే తెచ్చానని మొదటిసారి అన్నప్పుడు, బావగారు అడిగిన సంగతి నాకు లీలగా గుర్తుండే ఉంటుంది. రెండోసారి చెప్పినప్పుడు కొంచెం తగ్గింది. పదోసారికి నేను కనిపెట్టిన మాట నాకే నిజమైపోయింది. ఆమె ఏడాదిపాటు మొగుడికి పట్టలేదని కుమిలిపోయిన విషయం మీద కూర్చుని నేను సర్వపిండి తిన్నాను. అంతా చెప్పాను. సైకిల్ స్టాండు కూడా చెప్పాను.

"సైకిల్ స్టాండు సంగతి నాకు ఎరుకనే" అంది ఆమె. "వదినె ఎప్పుడో చెప్పింది."

"మరి పెదవులు చదువుతానని నమ్మి నా దగ్గరికి ఎందుకొచ్చావమ్మా?"

"ఇంకెవలు వారం రోజులు కూసుంటరన్నా నాతోని?"

నేను బావగారి స్క్రూడ్రైవర్ తీసి దాని చోట పెట్టబోయాను. మా ఆవిడ మాత్రం, "అయితే ఇక సర్వపిండి బందేనా వదినా?" అని అడిగింది.

"ఏడాది సంది కుర్సీకి పెట్టిన. ఇగ ఫ్యాన్‌కు పెడ్త."

శనివారం వాళ్ళ అమ్మాయి వచ్చి జాబితా తీసింది. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి చెల్లెమ్మ, ఇది నాతో వస్తుంది అంది. "అమ్మా, ఇట్స్ సో ఓల్డ్, వీడియోలేవీ ప్లే అవ్వవు" అంది ఆ పిల్ల. "అయితయ్" అంది చెల్లెమ్మ. పెట్టెను తనే ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది.

ఇదంతా రాసి, కాగితాలు పట్టుకుని ఒక ఆదివారం హాబ్సన్‌విల్ వెళ్ళాం. చెల్లెమ్మ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఆమె అనుమతి లేకుండా ఎవరికీ చూపించనని, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. సైకిల్ స్టాండు దగ్గర నవ్వింది. నల్ల గళ్ళ దగ్గర చేతిలో కాయ ఆపింది. కుర్సీ దగ్గర తలొంచుకుంది. అయ్యాక, ఎలా ఉందమ్మా, ఈసారి ఒక్క అబద్ధం కూడా లేదు కదా అన్నాను.

ఆమె ఈనె తీసి పక్కన పడేసింది.

"నువ్వు చేతులు కట్టుకొని లేవన్నా, లడ్డు తింటున్నవ్. ఆయన మూడుసార్లు అడిగిండు, అది నేను లెక్కపెట్టిన. మూడోసారికి గూడ నువ్వు ఇంకో లడ్డు తీస్కున్నంకనే కదిలినవ్."